తుక్కు జాబితా మీద సంతకం పెట్టే ముందు ఆ లేత్‌ని ఒకసారి కొలవండి

సాంకేతిక శిక్షణ సంస్థల ప్రిన్సిపాళ్ళకు, వర్క్‌షాపు సూపరింటెండెంట్లకు, స్టోర్సు చూసే అధికారులకు నమస్కారం.

అప్పుడప్పుడూ మీ టేబుల్ మీదకు ఒక కాగితం వస్తుంది. పనికిరాని సామాను జాబితా. విరిగిన కుర్చీలు, కాలిపోయిన మోటార్లు, వాటి మధ్యలో ఒక లేత్ (కడ్డీని తిప్పుతూ కోసే మెషిన్), ఒక షేపర్ (ముఖాల్ని చదునుగా చెక్కే మెషిన్), ఒక్కోసారి మంచి మిల్లింగ్ మెషిన్ కూడా ఉంటాయి. పక్కన "బాగా అరిగిపోయింది, మరమ్మతు గిట్టుబాటు కాదు" అని ఒక్క ముక్క. మీరు సంతకం పెడతారు, వేలం అవుతుంది, తూకం వేసి పట్టుకుపోతారు. ఆ ఒక్క ముక్క గురించే ఈ ఉత్తరం. అది రాసినవాళ్ళు ఏ పరికరంతో కొలిచారు, ఎక్కడ ఎంత అరిగిందని తేల్చారు అని మీరు అడగాలి. అంకెలు లేకపోతే సంతకం పెట్టకండి. అంకెలు చూశాక బాగుచేయదగ్గదే అని తేలితే, మీ దగ్గర చదువుకునే పిల్లల చేతే దాన్ని బాగు చేయించండి.

నేను పాత మెషిన్లు విప్పి, శుభ్రం చేసి, అరిగిన ముఖాల్ని చేత్తో గీరి సరిచేసి (దీన్నే స్క్రేపింగ్ అంటాం) మళ్ళీ నిలబెట్టే పనిలో ఉన్నవాణ్ణి. తుక్కు యార్డుల్లో మంచి మెషిన్ల మీద గ్యాస్ కట్టర్ పెట్టడం చాలాసార్లు చూశాను. ఒక శిక్షణ సంస్థ నుంచి వచ్చిన లేత్ ఒకటి ఇప్పటికీ మరిచిపోలేను. దాని బెడ్ (మెషిన్ పొడవునా ఉండే ఇనప దారులు) మీద టెయిల్‌స్టాక్ (కడ్డీ రెండో చివరకి ఆసరా ఇచ్చే భాగం) వైపు ఫ్యాక్టరీలో చేసిన స్క్రేపింగ్ గుర్తులు ఇంకా స్పష్టంగా ఉన్నాయి, అంటే ఆ వైపుకి టూల్‌ని మోస్తూ జారే సాడిల్ దాదాపుగా వెళ్ళనే లేదన్నమాట. కడ్డీని పట్టి తిప్పే చక్ దగ్గర ఒక మూర పొడవున మాత్రం అరిగింది. చక్‌ని తిప్పే గేర్లుండే హెడ్‌స్టాక్‌లో అన్నీ బాగున్నాయి. నేను వెళ్ళేసరికే బెడ్‌ని రెండుగా కోసేశారు. దాని మీద ఒక డయల్ గేజ్ (సన్నటి ఎత్తుపల్లాల్ని ముల్లుతో చూపించే సాధనం) పెట్టి చూసి ఉంటే ఇలా జరిగేది కాదు, పెట్టడానికి అరగంట కూడా పట్టదు.

అసలు లేత్ అరగడం అంటే ఏమిటో ఒకసారి చూడండి, ఎందుకంటే ఆ మాట వినగానే మెషిన్ మొత్తం లొట్టపోయినట్టు అందరూ అనుకుంటారు. బెడ్ అరిగేది ఎక్కువగా చక్‌కి దగ్గరగా, చిన్న చిన్న పనులన్నీ జరిగే చోట. అందులోనూ ఆపరేటర్ నిలబడే వైపున్న వీ ఆకారపు దారి ఎక్కువ అరుగుతుంది, చిప్పులూ పొట్టూ దాని మీదే పడతాయి, సాడిల్ ముందు వేలాడే అప్రాన్ బరువూ దాని మీదే ఉంటుంది. బెడ్‌తో పాటు దాని మీద జారే సాడిల్ అడుగుభాగం కూడా అరుగుతుంది, నిజానికి అదే ఇంకా ఎక్కువ అరుగుతుంది. ఆ తర్వాత టూల్‌ని అడ్డంగా నడిపే క్రాస్ స్లైడ్ స్క్రూ, దాని నట్టు, మరలు కోసేటప్పుడు సాడిల్‌ని నడిపే లీడ్ స్క్రూలో చక్ వైపు భాగం, దాన్ని పట్టుకునే హాఫ్ నట్లు. మిగతాదంతా, అంటే ఆ బరువైన పోత, కాళ్ళు, గేర్‌బాక్సు, చాలాసార్లు చక్‌ని మోసే ఇరుసు, అంటే స్పిండిల్ కూడా, కొత్తలో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. పైగా పోత ఇనుము విషయంలో పాతదనం ఒక గుణం. కొత్తగా పోసిన పోతలో లోపల ఒత్తిళ్ళు మిగిలి ఉంటాయి, సరిగా వాటిని విడిపించకపోతే మెషినింగ్ అయ్యాక కూడా మెల్లగా వంగుతూనే ఉంటుంది. దశాబ్దాలు నిలబడ్డ బెడ్ ఆ కదలికలన్నీ ఎప్పుడో ముగించుకుంది.

అరిగిన చోట కూడా, ఆ అరుగుదల పనిని ఎంత చెడగొడుతుందో లెక్క వేసి చూసుకోవాలి. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కడ్డీని తిప్పుతున్నాం అనుకోండి. సాడిల్ నిటారుగా 0.1 మి.మీ. కిందికి దిగిందంటే, టూల్ మొన సెంటర్ కంటే అంత కిందికి పోతుంది, కానీ దానివల్ల వ్యాసార్ధంలో వచ్చే తేడా 0.0002 మి.మీ. మాత్రమే. వర్క్‌షాపులో ఎవరూ కొలవలేనంత. అదే ముందు వీ ఒక్కటే 0.1 దిగి వెనక దారి దిగకపోతే కథ వేరు. సాడిల్ ఆపరేటర్ వైపుకి ఒరుగుతుంది, టూల్ పని నుంచి దూరంగా జరుగుతుంది. రెండు దారుల మధ్య దూరం 300 మి.మీ., దారుల మీద నుంచి సెంటర్ ఎత్తు 200 మి.మీ. అనుకుంటే టూల్ దాదాపు 0.067 మి.మీ. వెనక్కి జరుగుతుంది, వ్యాసంలో అది రెట్టింపై 0.13 దాటుతుంది. అందుకే అరిగిన లేత్ మీద చక్ దగ్గర కడ్డీ లావుగా, దూరంగా పోయేకొద్దీ సన్నగా వస్తుంది. ఈ లెక్క తెలిసిన కుర్రాడు మెషిన్ దగ్గరికి వెళ్ళి "అరిగింది" అని ఊరుకోడు. ఏ దారి, ఎంత, ఏ దిశలో అని చెప్పగలడు. ఇది క్లాసులో బోర్డు మీద రాసి చెప్పినదానికంటే అరిగిన బెడ్ పక్కన నిలబెట్టి చెబితే ఎంత బాగా ఎక్కుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

చాలా మెషిన్లకు ఈ నింద అన్యాయంగా పడుతుంది, అదింకా బాధ. టేపర్ వస్తోంది, అంటే కడ్డీ ఒక చివర లావుగా ఒక చివర సన్నగా వస్తోంది కాబట్టి అరిగింది అనేస్తారు, కానీ బెడ్ మెలిక తిరిగి ఉన్నా టేపర్ వస్తుంది. ఎప్పుడో షెడ్డు మార్చినప్పుడు నేల మీద ఎలా దించారో అలా వదిలేసిన లేత్‌లు ఎన్నో. మీటరుకు 0.02 మి.మీ. చూపించే మంచి స్పిరిట్ లెవెల్‌ని బెడ్‌కి అడ్డంగా ముందు ఈ చివర, తర్వాత ఆ చివర పెట్టి చూడండి. రెండు చోట్లా బుడగ ఒకే దగ్గర నిలిస్తే మెలిక లేనట్టు. లెవెల్ ఎటైనా కొద్దిగా వాలి ఉన్నా నష్టం లేదు, రెండు చివర్లూ ఒకే వాలులో ఉండాలి, అది ముఖ్యం. ఆ తర్వాత వంగనంత లావున్న కడ్డీని చక్‌లో మాత్రమే పట్టి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, రెండు చోట్ల కాలర్లు (కాస్త ఎత్తైన పట్టీలు) వదిలి, టూల్ సెట్టింగ్ మార్చకుండా రెండింటి మీదా సన్నటి కట్ తీసి మైక్రోమీటర్‌తో కొలవండి. కాళ్ళ కింద షిమ్ములు (పలుచటి రేకులు) సర్దితే ఆ తేడా పోతుందేమో చూడండి. పోతే మీరు తుక్కుకు పంపబోయిన మెషిన్‌కి అసలు జబ్బే లేదు.

అలాగే స్లైడ్ లూజుగా ఉందని రాస్తారు. గిబ్ (స్లైడ్ సందుని సర్దే పట్టీ) బిగించి చూశారా? రోజూ వాడే మధ్యభాగంలో సరిగ్గా ఉండేలా బిగించి, స్లైడ్‌ని రెండు చివర్లకీ నడిపితే అక్కడ బిగుసుకుపోతే అది అరుగుదల, అన్ని చోట్లా ఒకేలా నడిస్తే గిబ్ ఎవరూ ముట్టుకోలేదని అర్థం. హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరుగుతోందంటే నట్టు పోయిందనేస్తారు, హ్యాండిల్ వెనక థ్రస్ట్ బేరింగ్ దగ్గర వచ్చిన సందు కూడా అలాగే కనిపిస్తుంది, దాన్ని ఒక నట్టు బిగించి సరిచేయవచ్చు. స్పిండిల్ ఊగుతోందంటే ముందు చక్ తీసి స్పిండిల్ ముక్కు మీదనే డయల్ పెట్టి చూడాలి, తప్పు చాలాసార్లు చక్‌దే. టేపర్ రోలర్ బేరింగ్‌లున్న స్పిండిల్‌కి ప్రీలోడ్ (బేరింగుల బిగుతు) సరిచేస్తే చాలాసార్లు ఊగు పోతుంది. నూనె పంపు ఫిల్టర్ మూసుకుపోయి, ఎండిపోయిన గ్రీజు గట్టిపడి, సాడిల్ చివర ఉండే ఫెల్ట్ వైపర్లు రాయిలా మారి, చిప్పుల్ని తుడవాల్సినవే చిప్పుల్ని పొదువుకుని బెడ్‌ని గీస్తూ ఉంటాయి. ఆ ఫెల్ట్ మార్చడం ఎంత పనండీ.

ఇప్పుడు నిజంగానే అరిగినవాటి సంగతి. స్క్రేపింగ్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

స్క్రేపింగ్ అంటే పదునైన కార్బైడ్ మొన ఉన్న పొడవాటి బ్లేడుతో పోత ఇనుము మీద ఎత్తుగా ఉన్న చోటు నుంచి కొన్ని మైక్రాన్ల మందం చేత్తో గీరి తీయడం. కచ్చితంగా చదునుగా ఉండే సర్ఫేస్ ప్లేటుకో, తిన్నటి అంచున్న స్ట్రెయిట్ ఎడ్జ్‌కో ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పలుచగా పూసి, పని ముఖాన్ని దాని మీద ఆనించి కాస్త కదిలిస్తే ఎత్తుగా ఉన్న చోట్ల నీలి మచ్చలు అంటుతాయి. ఆ మచ్చల్ని గీరాలి. మళ్ళీ బ్లూ, మళ్ళీ ఆనించడం, మళ్ళీ గీరడం, ప్రతి విడతకీ గీరే దిశ మార్చడం. మొదట్లో రెండు మూడు పెద్ద మచ్చలే కనిపిస్తాయి, పోనుపోను అవి చీలి చిన్నవై ముఖమంతా పరుచుకుంటాయి. 25 మి.మీ. చదరంలో పదిహేను, ఇరవై చుక్కలు సమానంగా కనిపించేసరికి జారే దారికి కావలసిన ముఖం తయారైనట్టు. ఆ చుక్కల మధ్యనున్న సన్నటి పల్లాల్లో నూనె నిలుస్తుంది. అద్దంలా నున్నగా గ్రైండ్ చేసిన రెండు ముఖాలు ఒకదానికొకటి పట్టేసుకుని నూనెని బయటికి నెట్టేస్తాయి, స్క్రేప్ చేసిన ముఖం అలా పట్టుకోదు. ఎందుకింత కష్టం, యంత్రంతో చేయలేమా అని అడుగుతారు. చేయవచ్చు, కానీ ఆ యంత్రం తిన్నగా ఉండాలి కదా, దాన్ని తిన్నగా చేసింది ఎవరు? వెనక్కి తవ్వుకుంటూ పోతే చివరికి చేత్తో స్క్రేప్ చేసిన ముఖం దగ్గరికే చేరతాం.

ఈ పద్ధతిని లోకానికి గట్టిగా చెప్పినవాడు ఇంగ్లీషు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్. కుర్రతనంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే వర్క్‌షాపులో పనిచేశాడు, స్క్రూ కటింగ్ లేత్‌ని ఒక దారికి తెచ్చిన మాడ్స్‌లే అన్నమాట. అక్కడ చదునైన ప్లేట్ల మీద పెట్టి సరిచూసే అలవాటు అప్పటికే ఉంది. విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ (శాస్త్రవేత్తల సంఘం) సమావేశంలో చదివిన పత్రంలో, నిజంగా చదునైన ముఖం కావాలంటే ముఖాల్ని ఒకదానితో ఒకటి అరగదీయడం మానేసి స్క్రేప్ చేయాలని చెప్పాడు. మూడు ప్లేట్ల పద్ధతి గురించి మీ పిల్లలు విన్నారో లేదో. రెండు ప్లేట్లు ఒకదానికొకటి సరిగ్గా అతికాయంటే రెండూ చదునని నమ్మడానికి లేదు, ఒకటి ఉబ్బి రెండోది లోతుగా ఉన్నా అతుకుతాయి. మూడో ప్లేటు తెచ్చి ఏ రెండింటిని కలిపినా అతికేలా చేస్తే ఆ ఉబ్బూ పల్లమూ దాక్కోలేవు. మధ్య మధ్య 90 డిగ్రీలు తిప్పి చూడకపోతే మెలిక మాత్రం దాక్కునే ఉంటుంది, అది కూడా చూసుకోవాలి. ముందుగా ఏ కొలత సాధనమూ చేతిలో లేకుండా మూడు ఇనప పలకల నుంచి చదునుని పుట్టించవచ్చు అన్న సంగతి పదహారేళ్ళ పిల్లవాడికి చేసి చూపిస్తే వాడు జీవితంలో మరిచిపోడు. దీనికి కావలసింది మూడు చిన్న పోత పలకలు, ఒక బ్లేడు, కాస్త బ్లూ.

పట్టు చిక్కాక వేళ్ళకే తెలిసే సంగతులు ఉంటాయి, అవి పక్కన ఒకరు నిలబడి చూపిస్తేనే వస్తాయి. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని పని మీద పెట్టి ఒక చివర వేలితో మెల్లగా పక్కకి నెట్టి చూస్తాం. అది చివర్ల నుంచి దాదాపు మూడో వంతు లోపల ఇరుసు మీద తిరిగినట్టు తిరిగితే ముఖం బాగున్నట్టు. నడిమధ్యలో తిరిగితే ముఖం ఉబ్బి ఉంది, రెండో చివర కొసదాకా పోయి తిరిగితే మధ్యలో పల్లం ఉంది. బ్లూ పూయకముందే ఇంత తెలుస్తుంది. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని చేతుల్లో ఎక్కువసేపు పట్టుకుంటే ఒంటి వేడికే వంగుతుంది, కిటికీలోంచి ఎండ బెడ్‌కి ఒక పక్కన పడితే పొద్దున చేసిన పని మధ్యాహ్నానికి తేడా చూపిస్తుంది. మైక్రాన్ అంటే ఎంతో పిల్లలకు అంకెగా తెలుసు, ఈ పనిలో అది చేతికి తెలుస్తుంది. ఈ విద్య తెలిసిన ఫిట్టర్లు చాలామంది రిటైరైపోయారు, ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళైపోతున్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకునేవాళ్ళు లేరు, నేర్చుకోవడానికి కావలసిన అరిగిన మెషిన్‌నేమో మీరు తుక్కుకు పంపుతున్నారు. ఈ రెండూ ఒకే ఆవరణలో జరుగుతున్నాయి, నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

మీలో కొందరు అంటారు, ఇప్పుడంతా సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషిన్లు), పాత లేత్‌తో మా పిల్లలకు ఉద్యోగాలు రావు అని. సీఎన్‌సీ మెషిన్లూ అరుగుతాయండీ. అందులో చాలావాటిలో లీనియర్ గైడ్‌లు ఉంటాయి నిజమే, ఆ గైడ్ పట్టాల్ని బిగించే ముఖాలు తిన్నగా లేకపోతే పట్టాలూ తిన్నగా ఉండవు. బాగా కచ్చితమైన మెషిన్లు తయారుచేసే చోట ఆ ముఖాల్ని ఇప్పటికీ చేత్తో స్క్రేప్ చేస్తారు. మెషిన్ జ్యామితిని పరీక్షించే పద్ధతులు కూడా పాతవాటికీ కొత్తవాటికీ మూలంలో ఒకటే. జర్మన్ ఇంజనీరు గియోర్గ్ ష్లెసింగర్ 1927లో మెషిన్ టూల్స్ అంగీకార పరీక్షలు (మెషిన్ కచ్చితంగా ఉందో లేదో తేల్చేవి) క్రమబద్ధం చేసి ప్రచురించాడు. ఇప్పుడు మనం వాడే అంతర్జాతీయ ప్రమాణాలు ఐఎస్ఓ 230-1, లేత్‌లకు ప్రత్యేకంగా ఉన్న ఐఎస్ఓ 1708 ఆ దారిలోవే. క్రాస్ స్లైడ్ స్పిండిల్‌కి ఎంత లంబంగా ఉండాలో, ఫేసింగ్ చేసిన ముఖం ఒకవేళ తేడా వస్తే మధ్యలో కాస్త పల్లంగా ఉండవచ్చు గానీ ఉబ్బుగా ఎందుకు ఉండకూడదో ఒక పాత లేత్ మీద స్వయంగా సరిచేసిన కుర్రాడికి ఏ మెషిన్ ముందు నిలబెట్టినా భయం ఉండదు. అసలు కొత్త సీఎన్‌సీ మీద పిల్లల్ని చేయి వేయనిస్తారా మీరు? విప్పనిస్తారా? పాత లేత్‌ని చివరి స్క్రూ దాకా విప్పవచ్చు.

పని ఎలా సాగాలో కూడా రాస్తాను, మళ్ళీ ఎవరో ఒకరు గ్రైండర్ పట్టుకుని బెడ్ మీదకు వెళ్ళకుండా. మొదట కొలతలు, విప్పకముందే. ఫోటోలు తీయాలి, ప్రతి భాగానికీ చీటీ కట్టాలి, షిమ్ములు ఎక్కడివి అక్కడే కవర్లో పెట్టాలి. టేపర్ పిన్నులకు ఒక వైపు చిన్నది, ఒక వైపు పెద్దది ఉంటుంది, చూసుకోకుండా సుత్తితో కొడితే షాఫ్టే పాడవుతుంది. కొట్టాల్సి వస్తే ఇత్తడి డ్రిఫ్ట్ అడ్డం పెట్టాలి. బెడ్ మీద తుప్పుకి కిరోసిన్, కాస్త ఓపిక, పదునైన బ్లేడు చాలు. ఎమరీ గుడ్డతో రుద్దితే ఆ గరుకు పొడి పోత ఇనుములో ఇరుక్కుని ఆ తర్వాత సాడిల్‌ని లోపలి నుంచి అరగదీస్తూనే ఉంటుంది. చిన్న భాగాల తుప్పుకి వాషింగ్ సోడా నీళ్ళలో కరెంటు పెట్టి తీసే పద్ధతి బాగా పనిచేస్తుంది. కానీ రెండో కొసకి, అంటే అవతలి ఎలక్ట్రోడుకి, మామూలు ఇనుమే వాడాలి, స్టెయిన్‌లెస్ స్టీల్ వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ఆడేచోటే చేయాలి. గట్టిపరిచిన స్ప్రింగులూ అలాంటివీ అందులో వేయకూడదు, పెళుసెక్కుతాయి. పాత పెయింట్‌లో సీసం ఉండవచ్చు, పాత క్లచ్, బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అందుకే పొడిగా గీకడం, గాలి కొట్టి ఊదడం పిల్లల చేత అసలు చేయించకండి. వైరింగ్ మాత్రం నిస్సంకోచంగా కొత్తది వేయండి. ఎమర్జెన్సీ స్టాపు, కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే తిరగకుండా ఆపే స్టార్టరు, చక్ గార్డు తగిలించండి. పాత మెషిన్ ప్రమాదకరం అన్న అభ్యంతరానికి ఇదే సమాధానం, ఇవన్నీ తగిలించదగ్గవే.

బెడ్ విషయంలో మొదట ఆకురాయితో ఒక మూల మెల్లగా గీసి చూడాలి. ఆకురాయి పట్టకుండా జారిపోతే అది గట్టిపరిచిన బెడ్, దాన్ని చేత్తో స్క్రేప్ చేయలేం, గ్రైండింగ్‌కి పంపాలి. మెత్తనిదైతే స్క్రేపింగ్‌కి లొంగుతుంది, మరీ లోతుగా అరిగితే దాన్నీ గ్రైండ్ చేయించి ఆ తర్వాత సాడిల్‌ని దానికి స్క్రేప్ చేసుకోవడమే తెలివైన పని. హెడ్‌స్టాక్ కింద ఎప్పుడూ రాపిడి తగలని భాగం, టెయిల్‌స్టాక్ వైపు చివర, అడుగున ర్యాక్ (పళ్ళున్న పట్టీ) బిగించే ముఖం ఇవన్నీ ఫ్యాక్టరీలో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి, మన ఆధారం అవే. బెడ్ నుంచి లోహం తీస్తే సాడిల్ దిగుతుంది, సాడిల్ దిగితే అప్రాన్ దిగుతుంది, లీడ్ స్క్రూ, ఫీడ్ షాఫ్ట్ వంగి పట్టేస్తాయి, ర్యాక్‌కీ పినియన్‌కీ మధ్య పట్టు మారుతుంది. దానికీ దారి ఉంది. కంచు పొడి కలిపిన పీటీఎఫ్ఈ షీట్లు, టర్సైట్ లాంటివి, సాడిల్ అడుగున అతికించి పోయిన ఎత్తు తిరిగి తెచ్చుకోవచ్చు. మోగ్లైస్ లాంటి ఎపాక్సీ పోత పోసుకునే పద్ధతీ ఉంది. రెండింటి మీదా సాడిల్ కుదుపు లేకుండా మెత్తగా కదులుతుంది. టెయిల్‌స్టాక్ దిగితే దాని రెండు భాగాల మధ్య షిమ్ పెట్టి లేపుతాం. గేరు పళ్ళు విరిగితే ఆ చోటు చెక్కి కొత్త పన్ను అమర్చి బ్రేజింగ్ చేయవచ్చు, పోత పగిలితే మెటల్ స్టిచింగ్ అని వేడి తగలకుండా కుట్టే పద్ధతి ఉంది. లోకువగా చూసి వెల్డింగ్ రాడ్ పెడితే మాత్రం పక్కన ఇంకో పగులు వస్తుంది.

రంగు చివర్న వేయండి, లేదా వేయకపోయినా ఫరవాలేదు. రంగు గురించి ఎందుకంటే, చాలాచోట్ల పునరుద్ధరణ పేరుతో జరిగేది అదొక్కటే. తళతళలాడే పెయింటు, అరిగిన బెడ్ మీద అందం కోసం గీసిన నెలవంక గుర్తులు, కింద అదే పల్లం. అలాంటి మెషిన్‌కి బిల్లు చెల్లించే ముందు కూడా కొలతలు అడగండి.

అన్ని మెషిన్లూ బతకాలని నేననను. బెడ్ నిలువునా పగిలినవి, హెడ్‌స్టాక్ పోత ముక్కలైనవి, ముఖ్యమైన భాగాలు మాయమై వాటికి డ్రాయింగ్ కూడా దొరకనివి, వాటిని పోనివ్వండి. పోనిచ్చే ముందు చక్‌లు, ఫేస్ ప్లేటు, స్టెడీలు, చేంజ్ గేర్లు, టూల్ పోస్టు, మంచి మోటారు తీసి దాచండి, అలాంటిదే ఇంకో మెషిన్‌కి ప్రాణం పోస్తాయి. పాత పోత కూడా పారేయకండి, పిల్లలు స్క్రేపింగ్ నేర్చుకునే పలకలకీ స్ట్రెయిట్ ఎడ్జ్‌లకీ అంతకంటే మంచి ఇనుము దొరకదు. ఇది సమయం తినే పని అని కూడా దాచను. ఒక లేత్‌ని పూర్తిగా స్క్రేప్ చేసి నిలబెట్టాలంటే అనుభవం ఉన్నవాడికే వారాలు పడుతుంది, నేర్చుకునే పిల్లలతో నెలలు. ఉత్పత్తి చేసే ఫ్యాక్టరీకి ఇది గిట్టకపోవచ్చు, వాళ్ళని నేను తప్పు పట్టను. మీ సంగతి వేరు. అక్కడ నేర్చుకోవడమే ఉత్పత్తి. ఖాతా పుస్తకంలో ఆ మెషిన్ విలువ సున్నాకి వచ్చి ఉండవచ్చు, అది తరుగుదల లెక్క, మెషిన్ కొలత దానికి సంబంధించింది కాదు.

కాబట్టి నేను అడుగుతున్నవి మరోసారి గందరగోళం లేకుండా చెబుతాను. తుక్కు జాబితాలో ప్రతి మెషిన్ టూల్‌కీ ఒక కొలత కాగితం జత చేయమని ఆదేశం ఇవ్వండి. బెడ్ పొడవునా డయల్ రీడింగులు, రెండు కాలర్ల తేడా, స్పిండిల్ ఊగు, స్లైడ్‌ల లూజు, స్క్రూల ఖాళీ తిరుగుడు, కనపడకుండా పోయిన భాగాల పేర్లు. ఒక్క పేజీ సరిపోతుంది, దాన్ని సీనియర్ విద్యార్థులే రాయగలరు. బాగుపడదగ్గవాటిలోంచి బ్యాచ్‌కి ఒక మెషిన్‌ని ప్రాజెక్టుగా ఇవ్వండి. కాలేజీ ప్రాజెక్టుల పేరుతో బయట కొనుక్కొచ్చి పెట్టే బొమ్మలకంటే ఇది వెయ్యి రెట్లు మేలు. ఒక బ్యాచ్‌లో పూర్తి కాకపోతే తర్వాతి బ్యాచ్ అందుకుంటుంది, కొలతలు రాసి ఉంచితే చాలు. రిటైరైన ఫిట్టర్ని వెతికి పిలిపించండి, డిగ్రీ లేదని గేటు దగ్గర ఆపకండి, గౌరవంగా జీతం ఇచ్చి వారానికి రెండు రోజులు కూర్చోబెట్టండి. ఒక మంచి సర్ఫేస్ ప్లేటు, మంచి స్ట్రెయిట్ ఎడ్జ్, కచ్చితమైన లెవెల్ కొనండి, వాటిని తాళం వేసి అలంకారంగా పెట్టకుండా, నేర్పిన తర్వాత పిల్లల చేతికివ్వండి.

ఈ ఏటి జాబితా మీద ఇంకా సంతకం కాకపోయి ఉంటే, దాన్ని తీసుకుని ఒకసారి షెడ్డులోకి వెళ్ళండి. సాడిల్‌ని టెయిల్‌స్టాక్ చివరికి నడిపించి, చక్ దగ్గర బెడ్‌ని గుడ్డతో తుడిచి, ముందు వీ మీద గోరు ఆనించి చూడండి, గట్టు తగులుతుందో లేదో. తగిలితే ఎంతో డయల్ పెట్టి రాయించండి. స్టోర్సు బీరువాలో ఆ మెషిన్ మాన్యువల్, చేంజ్ గేర్లు ఎక్కడో ఉండే ఉంటాయి, అవి వేరే వేలంలో పోకముందే బయటికి తీయించండి.

నమస్కారాలతో,
పాత మెషిన్లు బాగుచేసే ఒక ఫిట్టర్